తెల్లేటి రాళ్ళు కడిగిన ఊరు

మెలితోన మోకాళ్ళు రెండూ ఆమె మాట వినడం మానేసి నాలుగేళ్ళయింది. అయినా మూడు నెలలకోసారి, ఎండ పైకొచ్చి చలి కాస్త విరిగాక, పావడాలు ఎగదోపుకుని ఏట్లో దిగుతుంది. వల అడ్డం పెడుతుంది. వలకు ఎగువన రాళ్ళను కాలితో కెలుకుతుంది, ఒక్కో రాయీ ఎత్తి అడుగున తడిమి చూస్తుంది. వలలో పడిందంతా తెల్ల పళ్ళెంలో బోర్లించి, ఒడ్డున కూలబడి, పురుగుల్ని లెక్కపెడుతుంది. అరవై ఒకటో ఏట మనిషి చేయాల్సిన పనేనా ఇది? కాదు. మరి ఎవరు చేస్తారు?

వైలాపంపా ఊరికి రెండు ఏర్లు. కొండకు అటువైపు లోతు లోయలో పారేది తెల్లేరు. మంచుకొండ కింది చెరువులో పుట్టి, ఎవరి జోలికీ పోకుండా వస్తుంది. ఇటువైపు గని పక్కనుంచి దిగేది ఎర్రేరు. ఊరు తాగేదీ, బంగాళాదుంప చేలకు పెట్టుకునేదీ ఎర్రేటి నీళ్ళే, ఎందుకంటే తాతలనాటి కాలువ దాని మీదే ఉంది. "దాని పేరే ఎర్రేరు కదమ్మా, పుట్టుకతోనే ఎరుపు" అంటారు గనివాళ్ళు. మెలితోన తండ్రి కాలంలో దాని పేరు నడిమేరు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇప్పుడు ఐదుగురే మిగిలారు.

ఈ పురుగుల పని ఆమెకు అంటగట్టింది పదకొండేళ్ళ కిందట చర్చి తరఫున వచ్చిన ఒక టీచరు. ఆవిడ ఊరందరినీ ఏటి ఒడ్డున కూర్చోబెట్టి చెప్పింది: "నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపితే, ఆ పూట నీళ్ళ సంగతే తెలుస్తుంది. మీరు సీసా పట్టే రోజు గనివాళ్ళు జాగ్రత్తపడొచ్చు. పురుగు అలా కాదు. అది ఏడాదంతా అందులోనే పడి ఉంటుంది. నీళ్ళు బాగుంటే ఉంటుంది, విషమైతే చస్తుంది. దానికి అబద్ధం చెప్పడం రాదు." వల, పళ్ళెం, భూతద్దం ఇచ్చి, ఎవరు చేస్తారని అడిగింది. అందరూ టోపీలు సర్దుకుంటూ నేలచూపులు చూశారు. మెలితోన ఒక్కతే ఆవిడ కళ్ళలోకి చూసింది, అదే ఆమె చేసిన తప్పు.

పుస్తకంలోని పేర్లు ఆమెకు నోరు తిరగలేదు, సొంత పేర్లు పెట్టుకుంది. మూడు తోకలది. రెండు తోకలది. ఇసుక రేణువులు అతికించుకుని గూడు కట్టుకునేది. ఎర్రపురుగు. తెల్లేట్లో ఒక్క రాయి ఎత్తితే ఇవన్నీ కిలబిలమంటూ పరుగులు తీస్తాయి. ఎర్రేట్లో రాళ్ళకు తుప్పులాంటి పొర అంటుకుని ఉంటుంది, గోకితే గోళ్ళలోకి పోతుంది. దాని కింద నాలుగు ఎర్రపురుగులు తప్ప ఇంకేమీ ఉండవు. అవి ఎక్కడైనా బతుకుతాయి, దరిద్రం లాగా.

ఊళ్ళో ఆమెను ఆట పట్టించనివాళ్ళు లేరు. ఆమె పెనిమిటి నోల్బెర్తో పందొమ్మిదేళ్ళు ఆ గనిలోనే చేసి, ఊపిరాడక పోయాడు. ఇంటి మీది రేకులు ఆ జీతంవే, కూతురి చదువూ ఆ జీతానిదే. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావే మెలితోనా" అనేవాళ్ళు. "వాసాలు కాదర్రా, పురుగుల్ని లెక్కపెడుతున్నాను. వాసాలు ఏనాడో పుచ్చిపోయాయి" అనేది ఆమె. నవ్వేవాళ్ళు. ఆ తర్వాత గొర్రెలు నెలలు నిండకుండానే ఈసుకుపోవడం మొదలైంది. నవ్వులు తగ్గాయి.

మెలితోన కూతురు దెల్ఫీనకు రెండు కాన్పులు నిలవలేదు. ఒకటి నాలుగో నెలలో, ఒకటి ఏడో నెలలో పోయాయి. నీళ్ళ వల్లేనని ఏ డాక్టరూ రాసివ్వలేదు, కాదని కూడా ఎవరూ రాసివ్వలేదు. మూడోసారి నెల తప్పిందని తెలిసిన నాటినుంచి, కూతురి గొంతులో ఎర్రేటి చుక్క పడనివ్వనని తల్లి పట్టుబట్టింది. రోజూ తెల్లారగానే రెండు డబ్బాలు వీపున మూటకట్టుకుని కొండెక్కి, అటు లోయలోకి దిగి, తెల్లేటి నీళ్ళు పట్టుకుని మళ్ళీ ఎక్కి దిగుతుంది. పోను ముప్పావు గంట, బరువుతో రాను గంటన్నర. "అమ్మా, నేనూ వస్తాను" అంటుంది దెల్ఫీన. "నువ్వు ఇంట్లో కూర్చుని ఆ ఒక్క పని సరిగ్గా చెయ్యి చాలు" అంటుంది తల్లి.

ఈ మోత తప్పాలంటే తెల్లేటి నుంచి ఊరికి గొట్టం పడాలి. గొట్టం పడాలంటే ఎర్రేరు పనికిరాదని సర్కారు కాగితం ఇవ్వాలి. పదకొండేళ్ళ నోటుపుస్తకాలు, నాలుగేళ్ళ అర్జీలు, చెప్పులరిగే తిరుగుళ్ళు అయ్యాక, జూలైలో ఒక కమిషన్ వస్తుందన్న కబురందింది. తెల్లేటి ఒడ్డున ఒక నీలం గుంజ, ఎర్రేటి ఒడ్డున ఒక నీలం గుంజ ముందే పాతి వెళ్ళారు. ఆ రెండు చోట్లా పురుగుల్ని లెక్కిస్తారు. తేడా గట్టిగా ఉంటే కాగితం, కాగితమొస్తే గొట్టం. దెల్ఫీనకు అప్పటికి ఐదో నెల.

కమిషన్ వాళ్ళకు దారి చూపించడానికి మెలితోనే పట్నం వెళ్ళాలి. లారీలో ఒక రోజు పోను, ఒక రోజు రాను. వెళ్ళేముందు మరిది ఎవారిస్తోను పిలిచింది. ఆ ఏడాది కాలువ పెద్ద అతనే. వెండి కట్ల చేతికర్ర అతని దగ్గరే ఉంది. ఎవరి చేనుకు ఏ రోజు నీళ్ళు పారాలో, కాలువ పూడిక తీతకు ఏ ఇంటినుంచి ఎవరు రావాలో చెప్పేది ఆ కర్రే. కర్ర ఎత్తితే ముసలీ ముతకా కూడా పార పట్టుకుని రావాల్సిందే.

"చూడు మరిదీ, పెద్దవాళ్ళొస్తున్నారు. ఊరి పరువు నీ చేతుల్లో పెట్టి పోతున్నాను" అంది.

ఆమె ఉద్దేశం వేరు. కుర్చీలు సర్దమని, సూపు వేడిగా ఉంచమని, తాగుబోతు హెర్మోహెనెస్‌ను ఆ పూటకు ఏ పాకలోనో పెట్టి తలుపు వేయమని. కానీ కాలువ పెద్దకు పరువంటే ఒకటే తెలుసు. నీటి పండక్కి ముందు కాలువ కడుగుతారు, ఊట దగ్గర రాళ్ళు తోముతారు. ఇల్లాలు చుట్టమొస్తే ఇల్లు అలికినట్టే, వైలాపంపా వాళ్ళు చుట్టమొస్తే నీళ్ళను శుభ్రం చేస్తారు. పదకొండేళ్ళుగా ఆమె పురుగుల్ని ఏరడం వాళ్ళు చూశారు. ఏరి పారేయడానికే అనుకున్నవాళ్ళు సగం మంది.

రెండో రోజు మధ్యాహ్నం కమిషన్ వచ్చింది. నలుగురు. వాళ్ళకు పెద్ద రొసౌరా అనే ఆవిడ, ముప్పై అయిదేళ్ళుంటాయి, కొండ ఎత్తు ఒంటికి పడక కళ్ళకింద నల్లగా వాడిపోయి ఉంది. ఊళ్ళో అందరూ ఇంజనీరమ్మా అన్నారు. వాళ్ళ వెంట గని తరఫు మనిషి ఒకడు, శుభ్రమైన బూట్లవాడు, తన నీళ్ళసీసా తనే తెచ్చుకున్నాడు. అందరూ కొండ దాటి తెల్లేటి లోయలోకి దిగారు.

ఒడ్డున నలభైమంది బారులుతీరి నిలబడ్డారు. ఉతికిన బట్టలు, టోపీల్లో పువ్వులు. ముందు ఎవారిస్తో, చేతికర్ర పట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా.

"చూసుకో వదినా! నిన్న తెల్లారినప్పటినుంచి చీకటిపడేదాకా తోమాం. గుంజకు యాభై అడుగులు ఎగువ, యాభై అడుగులు దిగువ. ఒక్క రాయి వదల్లేదు. గడ్డి చీపుళ్ళే అరవై అరిగిపోయాయి. ఒక్క పురుగుంటే నా మీసం తీయించేస్తా!"

మెలితోన ఏటివైపు చూసింది. రాళ్ళన్నీ తిరగేసి, పాచి గీకి, తోమి, వరసగా పేర్చి ఉన్నాయి. ఎండకు తళతళా మెరుస్తున్నాయి. ఆమె అక్కడే ఒక బండమీద కూర్చుండిపోయింది.

"బాగాలేదా?" అన్నాడు ఎవారిస్తో.

"మీసం తీయించుకో" అంది ఆమె.

రొసౌరా రబ్బరు బూట్లు తొడుక్కుని నీళ్ళలో దిగి, వల పెట్టి, కెలికింది. మూడుసార్లు. పళ్ళెంలో అయిదు ఎర్రపురుగులు, ఒక మూడు తోకలది, అదీ కుంటిది. ఇంజనీరమ్మ తలెత్తి మెరిసే రాళ్ళను, చీపుళ్ళ కుప్పను, పువ్వుల టోపీలను చూసింది. అర్థమైపోయింది ఆమెకు. మెల్లగా వచ్చి మెలితోన పక్కన కూర్చుంది.

"అమ్మా, పైన రాళ్ళు తోమని చోటుంది కదా?"

"ఉందమ్మా. అక్కడ తీయండి. పళ్ళెం పట్టనన్ని ఉంటాయి."

"చోటు మార్చకూడదండీ" అన్నాడు గని తరఫు బూట్లాయన వెనకనుంచి, చాలా మర్యాదగా. "గుంజ దగ్గరే అని కాగితంలో ఉంది. రెండు పక్షాలూ సంతకం చేశాం."

రొసౌరా గొంతు తగ్గించింది. "ఆయన చెప్పింది నిజం. ఇప్పుడు రెండే దార్లు. ఊరివాళ్ళు ఏరు తోమారని నేను రాస్తే ఈ ఏడాది లెక్క రద్దు, మళ్ళీ వచ్చే జూలైలోనే వస్తాం. రాయకపోతే, ఇక్కడా పురుగుల్లేవు, అక్కడా పురుగుల్లేవు, రెండు ఏర్లూ ఒకటే అని కాగితం పోతుంది. అది పోయిందంటే ఫైలు మూసేస్తారు. తోమినట్టు ఊరి తరఫున ఎవరైనా ఒప్పుకుంటేనే నేను రాయగలను."

ఒప్పుకుంటే ఎవారిస్తో పరువు నలుగురిలో పోతుంది. ఒప్పుకోకపోతే ఊరే పోతుంది. ఇందులో ఆలోచించడానికేముంది? కానీ ఆమె ఆలోచించింది, నోల్బెర్తోను పాతిపెట్టిన రోజు గొయ్యి తవ్వింది ఈ మరిదే. వచ్చే జూలై అంటే ఏడాది. దెల్ఫీనకు నెలలు నిండేది నవంబరులో. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. ఏడుపొచ్చేంత ఓపిక కూడా ఆమెకు లేదు.

లేచి నిలబడి, అందరికీ వినబడేలా చెప్పింది. "ఈ ఏరు మావాళ్ళు తోమారు. మురికని కాదు, మర్యాదని. పురుగులుంటేనే నీళ్ళు మంచివని పదకొండేళ్ళలో నేను వీళ్ళకు సరిగ్గా చెప్పలేదు. తప్పు నాది. రాసుకోండి."

ఎవారిస్తో చేతికర్ర దించాడు. "అంటే... మేమే చంపేశామా వదినా?"

"చంపలేదు. తరిమేశారు."

"మరి నువ్వు ఇన్నేళ్ళుగా ఏరుతుంటే..."

"ఏరి, లెక్కపెట్టి, మళ్ళీ ఏట్లోనే వదులుతానయ్యా నాయనా! ఎప్పుడన్నా చివరిదాకా నిలబడి చూశావా?"

చూడలేదు. ఎవరూ చూడలేదు. నలభైమందీ టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. వేడిగా ఉంచిన సూపు ఆరోజు ఎవరికీ సహించలేదు. బూట్లాయన ఎటూ ముట్టడు, తన సీసా నీళ్ళే తాగాడు.

కమిషన్ వెళ్ళేటప్పుడు మెలితోన రొసౌరా చెయ్యి పట్టుకుంది. "ఇంజనీరమ్మా, తోమిన చోటికి పురుగులు మళ్ళీ వస్తాయా?"

"నీళ్ళు మంచివైతే పైనుంచి కొట్టుకొచ్చి నెల తిరిగేసరికి నిండుతాయి. కాకపోతే రావు."

ఆ మాట మెలితోన తలలో తిరుగుతూ ఉండిపోయింది. మర్నాడు ఎవారిస్తో ఇంటికి వెళ్ళింది. గడప దాటి బయటికి రావడంలేదు అతను.

"లే. చీపుళ్ళు తీయించు."

"ఇంకా ఎందుకు వదినా, ఉన్న పరువు చాలు."

"ఎర్రేరు కూడా తోమాలి. నీలం గుంజ దగ్గర, యాభై అడుగులు ఎగువ, యాభై దిగువ. ఇవాళే. అచ్చం అక్కడ తోమినట్టే తోమాలి."

"అక్కడ పురుగులే లేవు కదా, ఏం తోమేది?"

"అందుకే. రెండూ ఒకేలా ఖాళీ చేస్తే, ఏది నిండుతుందో చూద్దాం. అడుసు తొక్కనే తొక్కావు, కాలు కూడా కడుక్కో."

అతను కర్ర పట్టుకుని లేచాడు. ఈసారి పాటల్లేవు, టోపీల్లో పువ్వుల్లేవు. తుప్పు పొర వదలడానికి మూడు రెట్లు చాకిరీ అయింది, మధ్యాహ్నానికే అరచేతులు పగిలాయి. కింది రాళ్ళ అసలు రంగు అందరికీ అప్పుడు కనబడింది. బూడిదరంగు, తెల్లేటి రాళ్ళ రంగే. మెలితోన తండ్రి చూసిన రంగు.

నెలరోజులు. రోజూ నీళ్ళకు ఎటూ వెళ్తుంది కనుక తెల్లేరు లెక్క దారిలోనే. దిగి వచ్చాక ఎర్రేరు. మొదటి వారం రెండు చోట్లా ఇంచుమించు సున్న. పదో రోజు తెల్లేట్లో మూడు తోకలవి పంతొమ్మిది. ఇరవయ్యో రోజుకు గూడు కట్టుకునేవి వచ్చి కొత్త ఇసుకతో ఇళ్ళు మొదలెట్టాయి. ముప్పయ్యో రోజు పళ్ళెం కిలబిలలాడింది, లెక్కపెడితే నూట నలభై రెండు. ఎర్రేట్లో ముప్పయ్యో రోజున ఆరు ఎర్రపురుగులు. రాళ్ళకు అప్పుడే లేత తుప్పు పట్టింది.

నోటుపుస్తకం ఫొటోలు తీయించి రొసౌరాకు పంపింది. సిగ్నల్ తగిలే గుట్ట మీదికెక్కి, ఫోను చెవికి ఆనించి నిలబడింది.

"అమ్మా, ఇంత స్పష్టమైన లెక్క నేను చదువుకునేటప్పుడు కూడా చూడలేదు" అంది రొసౌరా. "ఫైల్లో పెడతాను. కానీ..."

"ఆ కానీ నాకు తెలుసులేమ్మా. చెప్పండి."

"మేం తీసింది కాదు కాబట్టి లెక్కలోకి రాదంటున్నారు. వచ్చే జూలైలో నేనే వస్తాను. మాటిస్తున్నా."

"మీ ఉద్యోగం అక్కడే ఉంటే."

"అవునమ్మా" అంది రొసౌరా. "ఉంటే."

గుట్ట దిగేటప్పుడు మెలితోన కుడి మోకాలు మెలికపడింది. పెద్ద దెబ్బేమీ కాదు. చిన్న రాయి, చిన్న జారు. కానీ ఇంటికి చేరేసరికి కాలు గుమ్మడికాయంత వాచింది. దెల్ఫీన వేడి ఉప్పునీళ్ళ గుడ్డ చుడుతుంటే, తల్లి చూపు మూలన ఉన్న డబ్బాల మీదే ఉంది. ఒకదాంట్లో సగం నీళ్ళున్నాయి. ఒక పూటకొస్తాయి, పొదుపుగా వాడితే రెండు.

"రేపు నేను వెళ్తా" అంది దెల్ఫీన.

"ఆరో నెలలో ఆ కొండెక్కుతావా? నన్ను చంపేసి వెళ్ళు."

"మరి ఏం తాగమంటావమ్మా?"

మెలితోన గోడవైపు తిరిగి పడుకుంది. పదకొండేళ్ళ పుస్తకాలు తలగడ పక్కనే దొంతరగా ఉన్నాయి, వాటిలో ఒక్కటీ కడివెడు నీళ్ళు మోసుకురాలేదు. ఎందుకీ బతుకు, ఎవరికోసం ఈ లెక్కలు అని ఆమె మొదటిసారి పైకే అనేసింది. దెల్ఫీన చల్లారిన గుడ్డను మళ్ళీ వేడి నీళ్ళలో ముంచింది.

తెల్లారి వాకిట్లో గాడిద గిట్టల చప్పుడైంది. ఎవారిస్తో. గాడిద మీద రెండు డబ్బాలు, అతని చేతిలో వెండి కట్ల కర్ర.

"ఇవాళ నా వంతు వదినా" అన్నాడు.

"ఏం వంతు?"

"నీళ్ళ వంతు. కాలువ వంతులు వేసేది నేనే కదా, ఇదీ వేశా. ఇరవై ఎనిమిది ఇళ్ళు. రోజుకో ఇల్లు తెల్లేటి నీళ్ళు తెచ్చి దెల్ఫీన గుమ్మంలో పెట్టాలి. బిడ్డ పుట్టి, పాలు మానేదాకా. కాదన్న ఇంటికి కాలువ నీళ్ళు కట్. హెర్మోహెనెస్ వంతు శుక్రవారం, తాగకుండా పంపిస్తానని వాడి పెళ్ళాం ఒట్టేసింది."

మెలితోన మంచం మీదనుంచే చూస్తోంది. "మరి నా ఇంటి వంతు?"

"ఇరవై ఎనిమిదో రోజు. అందాకా కాలు దించకు."

అతను డబ్బా దింపి, మూత తీసి, ఆమెకు దగ్గరగా జరిపాడు. అలవాటుకొద్దీ ఆమె వంగి లోపలికి చూసింది. అడుగున ఏదో చురుక్కున కదిలింది. మూడు తోకలది, బియ్యపుగింజంత, గుండ్రంగా ఈదుతోంది.

"చూశావా దాన్ని?" అంది.

"దార్లోనే చూశా. తీసి పారేద్దామని చెయ్యి పెట్టబోయా. నువ్వు తిడతావని వదిలేశా." మీసం లేని పెదవి తడుముకున్నాడు. నిజంగానే తీయించుకున్నాడు, కమిషన్ వెళ్ళిన మర్నాడే. "అదుంటే మంచి నీళ్ళేగా వదినా?"

మెలితోనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కమిషన్ వెళ్ళినప్పుడు రాని ఏడుపు, ఫోనులో రాని ఏడుపు, ఇప్పుడొచ్చింది. శాలువా అంచుతో తుడుచుకుంటూ, "మంచివే" అంది. "ఇన్నాళ్ళకు ఒకడికి తెలిసింది."

దెల్ఫీన చెంచాతో పురుగును జాగ్రత్తగా గిన్నెలోకి తీసింది. మిగతా నీళ్ళు కుండలో పోసి, ఒక గ్లాసు ముంచుకుని, వాళ్ళిద్దరి ఎదురుగానే నిలబడి తాగింది. గిన్నెను రేపటి వంతువాళ్ళకిచ్చి పంపితే ఏట్లో వదిలేస్తారు. ఆ పొద్దున మెలితోన ఏటికి వెళ్ళలేదు.